బొమ్మ ఒకటే, కార్డులు వేరు: పాత పండుగ పోస్టుకార్డులను ఎలా అంచనా వేస్తారు?

వేలంలో రెండు పాత క్రిస్మస్ కార్డులు పక్కపక్కనే కనబడతాయి. అదే క్రిస్మస్ తాత, అదే సంచి, అదే ముద్రణ. ఒకటి చిల్లర సరుకుగా పెట్టెలో కలిపి అమ్ముడుపోతుంది. రెండోదానికి నలుగురు పోటీ పడతారు. ఈ సేకరణలోకి కొత్తగా వచ్చినవాళ్లకు మొదట అర్థంకానిది ఇదే. తేడా బొమ్మలో కనబడదు, కార్డు తిప్పితే తెలుస్తుంది. ఎవరు రాశారు, ఏం రాశారు, ఏ స్టాంపు అంటించారు, ఏ రోజు ముద్ర పడింది అన్నవే వందల్లో అచ్చయిన ఒక బొమ్మను మరొకటి లేని కాగితంగా మారుస్తాయి. అయితే ఆ రాతను ఉన్నదున్నట్టు నమ్మితే సరిపోదు. చుట్టూ ఉన్న మిగతా గుర్తులతో కలిపి చదివినప్పుడే అది ఏమైనా చెబుతుంది.

పండుగ కార్డులు ఎప్పుడు, ఎందుకు వెల్లువెత్తాయి

ప్రపంచంలో మొదటి అధికారిక పోస్టుకార్డును ఆస్ట్రియా-హంగరీ 1869 అక్టోబరు 1న అమ్మకానికి పెట్టింది. దానిమీద బొమ్మ లేదు. ఒక వైపు చిరునామా, రెండో వైపు కబురు, అంతే. బ్రిటన్ సరిగ్గా ఏడాది తరవాత, అమెరికా 1873లో అదే దారి పట్టాయి. ఇవన్నీ ప్రభుత్వం అచ్చేసినవి. ప్రైవేటు ముద్రాపకులు వేసిన బొమ్మల కార్డుకు స్టాంపు అంటించి చవక రేటుకే పంపే వీలు బ్రిటన్‌లో 1894లో, అమెరికాలో 1898 జులై 1 నుంచి వచ్చింది. అంతకుముందు అమెరికాలో రాత ఉన్న ప్రైవేటు కార్డుకు ఉత్తరం లాగే రెండు సెంట్లు పడేది. కొత్త చట్టం దాన్ని ఒక సెంటుకు దించింది.

అక్కడినుంచి వచ్చింది వెల్లువే. 1908 జూన్‌తో ముగిసిన ఏడాదిలో అమెరికా తపాలా శాఖ 67 కోట్లకు పైగా పోస్టుకార్డులు చేరవేసింది. అప్పటి ఆ దేశ జనాభా తొమ్మిది కోట్ల లోపే. క్రిస్మస్, కొత్త సంవత్సరం, ఈస్టర్, వాలెంటైన్స్ డే, థాంక్స్‌గివింగ్, హాలోవీన్ దేనికదే ఒక మార్కెట్. వీటిలో మేలైనవి చాలావరకు జర్మనీలోని లితో (రాతి పలకలమీద బొమ్మ గీసి అచ్చువేసే పద్ధతి) ముద్రణాలయాల్లో తయారయ్యేవి. లండన్‌లోని రాఫెల్ టక్, న్యూయార్క్ పరిధిలోని జాన్ విన్ష్, బెర్లిన్‌లోని పాల్ ఫింకెన్‌రాత్ వంటి ప్రచురణకర్తల పేర్లు ఇప్పటికీ ధరను పెంచుతాయి. ఎల్లెన్ క్లాప్‌సాడిల్, శామ్యూల్ ష్ముకర్ వంటి చిత్రకారుల బొమ్మలకూ ప్రత్యేక గిరాకీ ఉంది. 1909లో అమెరికా దిగుమతి సుంకం పెంచింది, 1914లో యుద్ధం వచ్చింది, జర్మన్ సరుకు ఆగింది. సేకరించేవాళ్లు స్వర్ణయుగం అనేది సుమారుగా ఈ రెండు దశాబ్దాలనే.

వాడినది, వాడనిది, మధ్యలో ఇంకొకటి

అమ్మేవాళ్లు వాడే మాటల్లో ఎక్కువ గందరగోళం ఇక్కడే. 'వాడనిది' అంటే రాత గాని స్టాంపు గాని లేనిది. 'తపాలాలో వెళ్లినది' అంటే చిరునామా, స్టాంపు, ముద్ర అన్నీ ఉన్నది. ఈ రెంటి మధ్య చాలామంది పట్టించుకోని మూడో రకం ఉంది: రాత ఉంటుంది, స్టాంపు ఉండదు. దీన్ని చూసి స్టాంపు ఎవరో పీకేశారని అనుకోవడం మామూలు పొరపాటు. స్టాంపు పీకితే ఆ చోట కాగితం పొర లేచిపోతుంది, లేదా జిగురు మరక మిగులుతుంది, పడిన ముద్ర సగం కార్డుమీద తెగిపోయి కనబడుతుంది. ఇవేవీ లేకపోతే ఆ కార్డు కవరులో పెట్టి పంపినదో, చేతికి ఇచ్చినదో అయ్యుండాలి.

కవరులో పెట్టడానికి ఒక గట్టి కారణం కూడా ఉండేది. మెరుపు పొడి, అభ్రకం, లోహపు రజను అద్దిన పండుగ కార్డులు తపాలా సిబ్బంది చేతులు గీరేవి. అందుకని అమెరికా తపాలా శాఖ వాటిని కవరు లేకుండా పంపకూడదని నిషేధించింది. కనుక మెరుపు అద్దిన క్రిస్మస్ కార్డుమీద స్టాంపు లేకపోవడం లోపం కాదు, నిబంధన పాటించిన గుర్తు.

వెనుక వైపు నిలువు గీత ఏం చెబుతుంది

మొదట్లో కార్డు వెనుక వైపు మొత్తం చిరునామాకే కేటాయించేవారు. కబురు రాయాలంటే బొమ్మ వైపే రాయాలి. అందుకే ఆ కాలపు కార్డుల్లో బొమ్మ పక్కనో కిందనో తెల్లటి ఖాళీ వదిలేవారు. ఖాళీ చాలకపోతే ఆకాశంలో, మంచుమీద, దేవదూత రెక్కల మధ్య రాసేవారు. బొమ్మను పాడుచేశారని కొందరు వీటిని తక్కువగా చూస్తారు, కానీ అప్పటివాళ్లకు వేరే దారే లేదు.

వెనుక వైపును నిలువు గీతతో రెండుగా చేసి ఎడమన కబురు, కుడిన చిరునామా రాసుకోనిచ్చింది మొదట బ్రిటన్, 1902లో. జర్మనీ 1905లో, అమెరికా 1907 మార్చి 1న అనుమతించాయి. దీనినిబట్టి అమెరికాలో తపాలాలో వెళ్లిన గీత కార్డు మామూలుగా ఆ తేదీకి తరవాతిది. గీత లేనిది మాత్రం ముందుదే అవ్వాలని లేదు. దుకాణంలో మిగిలిన పాత సరుకును జనం ఏళ్ల తరబడి వాడుకున్నారు.

ఇక్కడ ఒక సూత్రం గట్టిగా పట్టుకోవాలి. ముద్రణ గుర్తులు 'ఇంతకంటే ముందుది కాదు' అని మాత్రమే చెబుతాయి. తపాలా ముద్ర 'ఈ రోజు వెళ్లింది' అంటుంది. 1910లో అచ్చయిన కార్డు 1916లో వెళ్లడంలో విచిత్రమేమీ లేదు. యుద్ధకాలంలో జర్మన్ ముద్రణ కార్డులు అమెరికాలో తిరగడానికి ముందే దిగుమతి చేసి పెట్టుకున్న నిల్వలు ఒక కారణం.

ఏడాది చెరిగిపోయిన కార్డు: ఒక లెక్క

మచ్చుకు ఒక అమెరికన్ కార్డు ఊహించుకుందాం. ముందు ఉబ్బెత్తు అచ్చులో గంటలు, క్రిస్మస్ అలంకరణకు వాడే హోలీ మొక్క ముళ్ల ఆకులు. వెనుక నిలువు గీత. ఆకుపచ్చ రంగు ఒక సెంటు స్టాంపు, దానిమీద వాషింగ్టన్ తల. ముద్రలో డిసెంబరు 22, మధ్యాహ్నం 3 గంటలు అని కనబడుతోంది. ఏడాది అంకెలు మాత్రం స్టాంపు రంగులో కలిసిపోయాయి. రాత ఇలా ఉంది: "మంగళవారం ఉదయం. నీ కార్డు అందింది. అమ్మకు కాస్త నయం. గురువారం సాయంత్రం బండికి వస్తున్నా, స్టేషనుకు రా."

డిసెంబరు 22 మంగళవారం కావాలి. 1900 నుంచి 1935 లోపు అలా పడినవి 1903, 1908, 1914, 1925, 1931. ఇక ఒక్కొక్కటే తీసేయాలి. వెనుక గీత ఉంది కాబట్టి 1903 పోయింది. 1925 ఏప్రిల్ 15 నుంచి 1928 జూన్ చివరిదాకా అమెరికాలో ప్రైవేటు కార్డు రేటు రెండు సెంట్లు. ఒక్క సెంటు స్టాంపుతో వెళ్లి ఉంటే బకాయి ముద్ర పడాలి, అది లేదు, కనుక 1925 కూడా పోయింది. 1908లో ఒక సెంటు స్టాంపుమీద ఉన్నది బెంజమిన్ ఫ్రాంక్లిన్. ఆ ధర మీదికి వాషింగ్టన్ వచ్చింది 1912లో. కనుక అదీ కాదు. 1931లో రేటు మళ్లీ ఒక సెంటే గాని, 1923 నుంచే ఆ స్టాంపుమీదికి ఫ్రాంక్లిన్ తిరిగి వచ్చాడు. సొరుగులో మరిచిన పాత స్టాంపు అంటించారేమో అనే సందు ఒక్కటే మిగులుతుంది. ఉబ్బెత్తు అచ్చు ఉన్న ఈ తరహా కార్డు 1931 కంటే 1914కే బాగా అతుకుతుంది.

1914 అనుకుంటే గురువారం డిసెంబరు 24 అవుతుంది. పండుగ ముందు రోజు సాయంత్రానికి ఇల్లు చేరే మనిషి రాసిన మాటలు అవి. రాతా తేదీ ఇలా ఒకదాన్నొకటి నిలబెడుతున్నప్పుడు అంచనాను నమ్మవచ్చు.

ఈ లెక్క తప్పే చోటు కూడా చెప్పుకోవాలి. చాలామంది రాత్రి రాసి మర్నాడు పొద్దున పోస్టు చేసేవారు. అప్పుడు రాతలోని వారానికీ ముద్రలోని తేదీకీ ఒక రోజు తేడా వస్తుంది. ముద్రలో ఉదయపు గంట ఉంటే ముందురోజు వారంతో కూడా లెక్క వేసి చూడాలి.

ఇలాంటి రేటు గుర్తులు ఇంకా ఉన్నాయి. 1917 నవంబరు 2 నుంచి 1919 జూన్ చివరిదాకా యుద్ధపన్నుతో అమెరికాలో కార్డుకు రెండు సెంట్లు. అంటే దేశంలోపల తిరిగిన క్రిస్మస్ కార్డుమీద రెండు సెంట్ల స్టాంపు ఉంటే అది 1917, 1918 పండుగలదో, 1925, 26, 27 పండుగలదో కావడానికే ఎక్కువ అవకాశం. విదేశాలకు వెళ్లిన కార్డుకు ఈ లెక్క వర్తించదు. చాలా దేశాలకు ఆ రేటు వేరుగా ఉండేది. బ్రిటన్‌లో అర పెన్నీ రేటు 1870 నుంచి 1918 జూన్ దాకా కదల్లేదు. ఆ తరవాత పెన్నీ అయింది.

స్టాంపు పక్కన మరో చిన్న బిళ్ల కనబడితే అదృష్టమే. క్షయ రోగుల సహాయార్థం అమ్మిన క్రిస్మస్ సీళ్లు డెన్మార్క్‌లో 1904లో, అమెరికాలో 1907లో మొదలయ్యాయి. ఏటా కొత్త బొమ్మ వేస్తారు కాబట్టి ఏ ఏటి సీలో తెలిస్తే కార్డు అంతకంటే ముందుది కాదని తేలిపోతుంది. తపాలా ముద్ర సగం సీలుమీద, సగం కార్డుమీద పడి ఉండాలి. లేకపోతే తరవాతెవరో అందం కోసం అంటించి ఉండవచ్చు.

అంత పొడిగా ఎందుకు రాశారు

తపాలాలో వెళ్లిన పండుగ కార్డుల్లో నూటికి తొంభై నిరాశపరుస్తాయని ఈ రంగంలో చాలామంది సగం సరదాగా అంటారు. 'నీ కార్డు అందింది', 'మేమంతా క్షేమం', 'ఉత్తరం తరవాత రాస్తా', 'ఇది నీ ఆల్బమ్‌లో ఉందా?' ఈ నాలుగు వాక్యాలు అటూ ఇటూ తిరుగుతుంటాయి. కారణం మనుషుల్లో భావం లేక కాదు. కార్డు దారిలో అందరి కళ్లా పడుతుంది. పోస్టుమాన్ చదువుతాడు, ఇంటి ఓనరు చదువుతుంది. పైగా అప్పటి పెద్ద నగరాల్లో రోజుకు అనేకసార్లు బట్వాడా ఉండేది. పొద్దున వేసిన కార్డు అదే రోజు అదే నగరంలో చేరేది. కనుక చాలా రాతలు ఉత్తరాలు కావు, ఈనాటి ఫోన్ సందేశాల్లాంటివి. 'అయిదింటి బండికి' అన్నప్పుడు ఆ రోజు సాయంత్రమే.

ధర కూడా మాటలను కత్తిరించింది. ఫ్రాన్స్‌లో అయిదు మాటలకు మించని శుభాకాంక్ష కార్డు ఇంకా తక్కువ రేటుకు వెళ్లేది. అయిదే మాటలు, కింద సంతకం ఉన్న ఫ్రెంచి కార్డు కనబడితే రాసినవాళ్లు ముభావులని తేల్చేయకూడదు. పొదుపరులు కావచ్చు.

దాపరికం అవసరమైనప్పుడు జనం ఉపాయాలు వెతికారు. అద్దంలో చదవాల్సిన రాత, తలకిందుల రాత, పిట్‌మన్ షార్ట్‌హ్యాండు, ఎ, ఇ, ఓ వంటి అచ్చులను అంకెలుగా మార్చిన సంకేతాలు పాత కార్డుల్లో దొరుకుతాయి. ఇక స్టాంపును వంకరగా అంటించడం. ఎటు వంచితే ఏ అర్థమో చెప్పే 'స్టాంపుల భాష' కార్డులను ఆ రోజుల్లోనే అచ్చేసి అమ్మారు. తమాషా ఏమిటంటే ఒక్కో ప్రచురణకర్త అర్థాలు ఒక్కోలా ఇచ్చాడు. కాబట్టి వంకర స్టాంపు చూసి ప్రేమ కథ అల్లడానికి ముందు, అదే మనిషి అదే చిరునామాకు పంపిన ఇతర కార్డులు కావాలి. వరసగా నాలుగింటిలో ఒకే వంపు ఉంటే సంకేతం అనుకోవచ్చు. ఒక్క కార్డయితే తొందరలో అంటించిందే.

రాతలోని తేదీలకు సంబంధించి ఇంగ్లిష్ కార్డుల్లో రెండు పొట్టి గుర్తులు తెలిసుండాలి. అంకె పక్కన 'ఇన్‌స్ట్' అంటే ఈ నెల, 'అల్ట్' అంటే కిందటి నెల. జనవరిలో రాసిన కార్డులో '26 అల్ట్' అంటే గడిచిన డిసెంబరు 26 అన్నమాట. దీన్ని జనవరి 26గా చదివితే లెక్కంతా తలకిందులవుతుంది.

వెలిసిన రాత కనబడాలంటే

ఇనుప లవణంతో చేసిన పాత సిరా కాలంతో గోధుమరంగుకు తిరిగి వెలిసిపోతుంది. అతినీలలోహిత దీపం కింద అదే రాత నల్లగా తేలుతుంది. పెన్సిలు రాతకు పక్కనుంచి వాలుగా పడే వెలుతురు మేలు, ఎందుకంటే మొన నొక్కిన గాడి నీడ పడుతుంది. కార్డును రెండు వైపులా 600 డీపీఐలో స్కాన్ చేసి కంప్యూటరులో ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల పొరలు విడదీస్తే ఇంకొంత తెలుస్తుంది. గోధుమ సిరా నీలం పొరలో ముదురుగా కనబడుతుంది. ఆకుపచ్చ స్టాంపుమీది నల్ల ముద్ర చదవాలంటే ఆకుపచ్చ పొర చూడాలి, అక్కడ స్టాంపు రంగు పలచబడి ముద్ర మిగులుతుంది. ఎర్ర స్టాంపుకు ఎర్ర పొర.

తడి మాత్రం అసలు తగలకూడదు. ఆ కాలంలో చెరగని పెన్సిలు అని ఒకటి వాడేవారు. పొడిగా ఉన్నంతసేపు మామూలు పెన్సిలు గీతలాగే బూడిద రంగులో ఉంటుంది. అందులో రంగు కలిసి ఉంటుంది కాబట్టి నీరు తగలగానే ఊదారంగు సిరాగా పాకిపోతుంది. మరక తుడవబోయి కబురు మొత్తం పోగొట్టిన కార్డులు సేకరణల్లో తరచూ కనబడతాయి.

మామూలు కార్డును రాత ఎప్పుడు మారుస్తుంది

ఈస్టర్ కార్డులు లెక్కకు మించి అచ్చయ్యాయి. వాటిలో చాలావాటికి గిరాకీ తక్కువే. 1913లో ఈస్టర్ బాగా ముందుగా, మార్చి 23న వచ్చింది. ఆ సాయంత్రమే ఒమాహా నగరాన్ని సుడిగాలి ఛిద్రం చేసింది. రెండు రోజుల్లో ఒహాయో రాష్ట్రంలో వరదకట్టలు తెగి డేటన్ నగరం మునిగింది. ఆ వారంలో ఆ ప్రాంతంనుంచి, పండుగకు మిగిలిపోయిన కుందేలు బొమ్మ కార్డుమీద ఎవరైనా 'మేం మేడమీద ఉన్నాం, అందరం బతికే ఉన్నాం' అని రాసి ఉంటే దాన్ని కొనేది ఈస్టర్ బొమ్మలు సేకరించేవాళ్లు కాదు. స్థానిక చరిత్ర, వరదల చరిత్ర, తపాలా చరిత్ర వెతికే మూడు వర్గాలవాళ్లు. విలువ పెరగడానికి అసలు కారణం అదే, కొనేవాళ్లు వేర్వేరు దిక్కులనుంచి వస్తారు.

అయితే రాతా ముద్రా రెండూ ఉండాలి. ఊరూ తేదీ లేని 'వరద తగ్గింది' అన్న మాట దేనికీ పనికిరాదు.

బొమ్మ పక్షం, రాత పక్షం

వాడని కార్డే మేలనేవాళ్ల వాదన తేలిగ్గా తీసేసేది కాదు. ఉబ్బెత్తు అచ్చు వెనుక నిబ్బుతో గట్టిగా రాస్తే ముందు వైపు గాడి పడుతుంది. తపాలా యంత్రం ముద్ర కొన్నిసార్లు బొమ్మమీద కూడా మచ్చ వదులుతుంది. మూలలు నలుగుతాయి. విన్ష్ వేసిన హాలోవీన్ కార్డులు, వెలుతురుకెదురు పట్టుకుంటే కిటికీలు వెలిగే కార్డుల వంటివాటిలో బొమ్మే సర్వస్వం. అక్కడ ఒక మూల నలిగినా ధర బాగా పడిపోతుంది. రాత ఎంత బాగున్నా ఆ నష్టం పూడ్చడం అరుదు.

రెండో పక్షం అడిగేది ఇంకొకటి: వాడని కార్డు నిజంగా ఆ కాలానిదని ఎలా తెలుస్తుంది? స్టాంపు, ముద్ర, సిరా ఉన్న కార్డును నకిలీ చేయడం కష్టం. ఇది బలమైన వాదనే. నా లెక్కలో మాత్రం బొమ్మ అరుదైనదైతే మొదటి పక్షం చెప్పింది నిజం, బొమ్మ మామూలుదైతే రెండోది. గొడవంతా ఈ రెంటినీ ఒకే గాటన కట్టడంవల్లే వస్తోంది.

స్టాంపుల సేకర్తలతో పాత పేచీ వేరే ఉంది. స్టాంపు కోసం మూల కత్తిరించినవాళ్లు ముద్రనూ తేదీనీ కలిపి తీసుకుపోయారు. చాలాసార్లు ఆ స్టాంపు కోట్లలో అచ్చయిన ఒక సెంటుదే.

నకిలీలు, తరవాత చేర్చిన రాతలు

పాత రంగుల లితో ముద్రణలో పదిరెట్లు పెద్దగా చూపే భూతద్దం కింద చుక్కలు క్రమం లేకుండా చెదిరి ఉంటాయి. కొత్త ఆఫ్‌సెట్ నకలులో అవే చుక్కలు చిన్న చిన్న పూలలా వరస కట్టి ఉంటాయి. 20వ శతాబ్ది నడుమనుంచి కాగితంలో తెల్లదనం కోసం రసాయనాలు కలపడం మొదలైంది. అవి అతినీలలోహిత దీపం కింద నీలంగా మెరుస్తాయి, స్వర్ణయుగపు కాగితం మసగ్గా ఉండిపోతుంది. కొలత కూడా చూడాలి. అప్పటి కార్డు సుమారు మూడున్నర అంగుళాలకు అయిదున్నర, ఇప్పటి నకళ్లు తరచూ నాలుగుకు ఆరు. బాల్‌పాయింట్ పెన్ను అమెరికా మార్కెట్‌కు వచ్చింది 1945లో. 1910 కార్డుమీద దానితో రాత ఉంటే పాత ఖాళీ కార్డును ఎవరో తరవాత నింపారన్నమాట.

అసలు కార్డుమీదే రాత తరవాత చేర్చారా అన్న అనుమానం వస్తే మడత చూడాలి. మడత పడిన చోట కాగితం నారలు తెగుతాయి. రాత ముందు, మడత తరవాత అయితే గీత విరిగి కనబడుతుంది. మడత ముందైతే సిరా ఆ నారల్లోకి పాకి గీత ఉబ్బుతుంది.

ఆ మాటలు ఎవరివి

కార్డు కొన్నవాళ్లకు కాగితంమీద హక్కు వస్తుంది, రాతమీద కాపీరైటు రాదు. అది రాసినవాళ్లది, వాళ్ల తరవాత వారసులది. అమెరికాలో ప్రచురణ కాని రాతకు రచయిత మరణించాక 70 ఏళ్లు, ఎవరో తెలియకపోతే రాసిన నాటినుంచి 120 ఏళ్లు రక్షణ. ఆ లెక్కన 1914 నాటి అజ్ఞాత రాతకు గడువు 2034 చివరిదాకా ఉంది. బ్రిటన్‌లో చాలాకాలం కిందట చనిపోయినవాళ్ల ప్రచురణ కాని రాతలకూ 2039 చివరిదాకా రక్షణ ఉంది. రెండు వాక్యాల పొడి కబురుకు ఇది వర్తించేంత స్వతంత్ర రచన ఉందా అన్నది వాదించదగ్గ ప్రశ్నే. పద్యమో, పొడవైన కథనమో అయితే వాదనకు చోటు తక్కువ.

చట్టం పక్కన పెట్టినా మర్యాద ప్రశ్న ఉంటుంది. అందరికీ కనబడేలా పంపిన కార్డులో రహస్యమేమిటని కొందరంటారు. పోస్టుమాన్ ఒక్కడు చదవడం వేరు, జబ్బుల గురించీ అప్పుల గురించీ ఉన్న మాటలు ఇంటిపేరుతో సహా లోకమంతా చూడటం వేరని ఇంకొందరంటారు. వంశవృక్షాలు వెతికేవాళ్లకు మాత్రం ఆ ఇంటిపేరే ముఖ్యం. పేరు దాస్తే కార్డు ఎప్పటికీ తన కుటుంబాన్ని చేరదు.

ఇంతకంటే నష్టం ఇంకోచోట జరుగుతోంది. ఒకే ఇంటికి ఇరవై ఏళ్లపాటు వచ్చిన కార్డుల కట్ట అమ్మకానికొస్తే వ్యాపారి హాలోవీన్‌వి ఒక పెట్టెలో, క్రిస్మస్‌వి ఒక పెట్టెలో వేస్తాడు. విడివిడిగానే ఎక్కువ వస్తుంది కాబట్టి అతన్ని తప్పుపట్టలేం. కానీ 'అమ్మకు నయం' అన్న కార్డుకు ముందు వచ్చినదీ, తరవాత వచ్చినదీ చెరో చేతికి పోతాయి. విడదీసే ముందు కట్ట మొత్తాన్ని వచ్చిన వరసలోనే స్కాన్ చేసి, ఒక్కో కార్డు కవరుమీద వరస సంఖ్య వేస్తే కాగితాలు చెదిరినా వరస మిగులుతుంది. సంఖ్య కార్డుమీద వేయకూడదు. కవరు పాలీప్రొపిలీన్‌దో పాలియెస్టర్‌దో అయ్యుండాలి, పీవీసీది పనికిరాదు. పీవీసీని మెత్తగా ఉంచే పదార్థం ఏళ్లమీద బయటికి ఊరి సిరాకు అంటుకుంటుంది. ఉబ్బెత్తు కార్డులను దొంతరగా పేరిస్తే బరువుకు అచ్చు అణిగిపోతుంది కాబట్టి నిలువుగా, వదులుగా పెట్టాలి.